నూరు శాతం నెమ్మది

“వెంటిలేటర్ తీసేస్తోందట,” అన్నాడు పార్లరాయన ఫోన్‌లో, ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినంత తేలిగ్గా.

అవతల ఉన్న బావమరిది “అక్కకేమైంది?” అని అరిచాడు.

“దీంతో ఊపిరాడట్లేదంటోంది చెల్లెమ్మ. ఇది పీకేసి వేరేది పెడుతుందట. నువ్వేం కంగారుపడకు. ఒక్కోటీ పెట్టి చూస్తోంది.”

ఫోను తెగింది. పార్లరాయన దాన్ని ఓసారి చెవికీ ఓసారి కంటికీ ఆనించి చూసి, సిగ్నల్‌ని తిట్టుకుని జేబులో వేసుకున్నాడు.

ఆయన చెవుల్ని తప్పుపట్టి లాభం లేదు. ఒకప్పుడు ఆయనకి వీడియోగేముల పార్లరు ఉండేది. పొద్దస్తమానం పేలుళ్ళ మధ్య కూర్చుని వినికిడిని వాయిదాల పద్ధతిలో పోగొట్టుకున్నాడు. ఆయనది పార్లరు, భార్యది సెలూను. వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇద్దరినీ తలకిందులుగా అర్థం చేసుకుని, పెళ్ళికూతుళ్ళని ఆయన దగ్గరికి ముస్తాబుకి పంపేవాళ్ళు.

ఆవిడ సంగతి వేరు. ఆ వీధిలో కత్తెరక్క ముందు తల వంచని మగాడు లేడు. తండ్రి దగ్గర కత్తి పట్టడం నేర్చుకుని, ఆయన పోయాక అదే కుర్చీ వెనక నిలబడి రెండు తరాల గడ్డాలు గీసింది. చేయి తిరిగిన మనిషి. మొన్నామధ్య మెట్ల మీద జారి, చేయి విరిగిన మనిషి. కట్టు విప్పాక ఏ మనిషన్నదే ఇప్పుడు ఇంట్లో తేలాల్సిన సంగతి.

కాసేపట్లో వీధి తలుపు దభీమని తెరుచుకుంది. ముందు కత్తెరక్క తమ్ముడు, వెనక ఆపిల్ పళ్ళ సంచీతో వాళ్ళ చిన్నాన్న.

తమ్ముడిది మేడల్లో లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. వీధంతా అతన్ని లిఫ్టు అనే పిలుస్తుంది. అన్నిటినీ అనుమానించడం అతని వృత్తిధర్మం, అందుకే పైఅంతస్తు నుంచి లిఫ్టు కోసం చూడకుండా మెట్లన్నీ దూకి వచ్చాడు.

ముందుగదిలో, మరదలి కంప్యూటర్ ముందు, ఒక కాలు కుర్చీ మీద మడుచుకుని కత్తెరక్క కూర్చుని ఉంది. నాలిక పళ్ళ మధ్య బిగించింది. కుడిచెయ్యి జాయ్‌స్టిక్ మీద ఉంది. పక్కనే మరదలు, తమ్ముడి పెళ్ళాం, కూర్చుని ఉంది.

“అక్కా,” అన్నాడు తమ్ముడు. “నువ్వు...”

“మాట్లాడించకు. రెండు ప్రాణాలు పోయాయి. ఒక్కటే మిగిలింది.”

తమ్ముడు అంబులెన్సు కోసం ఫోను తీశాడు.

“ఆ ఒక్కటైనా దక్కించుకో తల్లీ,” అన్నాడు చిన్నాన్న, ఆపిల్ సంచీ గుండెలకి హత్తుకుని.

కంప్యూటర్‌లోంచి బుడుంగుమని ఏదో మునిగిన చప్పుడైంది.

“అదీ పోయింది,” అంది కత్తెరక్క. కుర్చీ తిప్పి అందరినీ చూసింది. “ఏంట్రా ఇది? ఇద్దరూ పరామర్శకొచ్చినట్టు వచ్చారు?”

“బావే చెప్పాడు. వెంటిలేటర్ తీసేస్తున్నారని,” అన్నాడు తమ్ముడు.

మరదలు ఒక్క క్షణం అందరి మొహాలూ చూసింది. తర్వాత బల్ల మీద తల పెట్టుకుని భుజాలు ఎగిరేలా నవ్వింది.

“ఎమ్యులేటరండీ బాబూ. ఎమ్యులేటర్.”

“అదే జబ్బమ్మా?” అన్నాడు చిన్నాన్న.

“జబ్బు కాదు మావయ్యగారూ, వేషం. అన్నయ్యగారి పార్లరులో పాత ఆటల మిషన్లు ఉండేవి కదా. ఇప్పుడవి లేవు. మన కంప్యూటర్ చేత ఆ మిషన్ వేషం వేయించే సాఫ్ట్‌వేర్ ఇది. వేషం బాగా కుదిరితే, తాను నడుస్తున్నది కంప్యూటర్ మీదన్న మాట ఆటకి తెలీదు.”

“నేను సరిగ్గానే చెప్పానుగా,” అన్నాడు పార్లరాయన గుమ్మంలోంచి. “ఊపిరాడట్లేదని కూడా చెప్పాను.”

“కంప్యూటర్‌కి అన్నయ్యగారూ.”

భయం దిగిపోయిన మనిషికి వెంటనే కోపం ఎక్కుతుంది. తమ్ముడికి అది మెట్ల మీదుగా కాక లిఫ్టులో వచ్చినట్టు వచ్చింది.

“తనిఖీ సగంలో వదిలేసి వచ్చాను. దార్లో ఎంతమందిని గుద్దుకున్నానో తెలుసా? ఇక్కడ చూస్తే అక్కగారు ఆటలాడుకుంటున్నారు.”

“ఆడుకోవట్లేదు. పందెం కాస్తున్నాను. నీతోనే. మర్చిపోయావా?”

మర్చిపోలేదని అతని మొహమే చెప్పింది.

“కుర్చీకి కట్టిన ఎర్ర అట్ట ఏదీ?” అన్నాడు మాట మారుస్తూ. “పొద్దున సెలూను ముందు నించి పోతుంటే కనపడలేదు.”

కత్తెరక్క కీబోర్డు కింద నుంచి అట్ట తీసి బల్ల మీద పడేసింది. పాడైన లిఫ్టులకి తగిలించే అట్ట. పెద్ద తెల్ల అక్షరాల్లో ‘వాడరాదు’ అని ఉంది.

“నీ అట్టలు నీ లిఫ్టులకి కట్టుకో. నా కుర్చీ పైకీ కిందికీ పోదు.”

“పోతుందిగా, కింద పెడల్ తొక్కితే,” అన్నాడు చిన్నాన్న, నిజం దాచడం చేతకాక.

పార్లరాయన అట్ట చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి చదివాడు. “మంచి మాటే రాశాడే. నువ్వు వాడరాదట. ఎప్పుడూ ఇలాగే కళకళ్ళాడుతూ ఉండాలని.”

“వాడిపోవడం కాదండీ. కత్తి వాడకూడదని,” అంది కత్తెరక్క.

“కత్తికి వాడి ఉండకూడదా? మరి గడ్డం ఎలా తెగుతుంది?”

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే మరదలైనా నవ్వేది.

“బావా, మీ హాస్యం పక్కన పెట్టండి,” అన్నాడు తమ్ముడు. “రేపు కొత్తాయన వస్తున్నాడు. చేతిలో పనున్నవాడు, నెమ్మదస్తుడు. కుర్చీ ఆయన చూసుకుంటాడు. అక్క గల్లా దగ్గర కూర్చుంటుంది. కొట్టు ఇద్దరి పేరా ఉంది, ఇందులో నా మాట కూడా ఉంది.”

“గల్లా దగ్గర కూర్చుని ఏం చెయ్యాలిరా? ఈగల్ని గొరగాలా?”

“చిన్నాన్న దవడ చూడు.”

చిన్నాన్న చప్పున దవడ మీద అరచెయ్యి వేసుకున్నాడు. అయినా అంటించుకున్న ప్లాస్టరు వేళ్ళ సందుల్లోంచి కనిపిస్తూనే ఉంది. “నన్ను మీ మధ్యలోకి లాగకండి,” అన్నాడు. “నా మీద ఇప్పటికే ఒక గీత గీశారు.”

కత్తెరక్క జాయ్‌స్టిక్ పక్కన పెట్టింది.

“ఆ గీత నేను గీసిందే,” అంది కత్తెరక్క. గొంతు తగ్గించలేదు. “కట్టు విప్పిన మర్నాడే కత్తి పట్టాను. ఆగి ఉండాల్సింది, ఆగలేదు. చిన్నాన్న కాళ్ళు పట్టుకుని క్షమించమన్నాను. దానికి శిక్ష ఉంటే ఒకసారి వెయ్యి, పడతాను. బతికున్నంత కాలం వెయ్యకు.”

“శిక్ష కాదక్కా. జాగ్రత్త.”

“నీకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే నువ్వు తనిఖీ చేస్తే లిఫ్టులకి కూడా జ్వరం వస్తుంది.”

అన్నదే గాని, లోపల ఆమె గుండె అంత దిటవుగా లేదు. చిన్నాన్న దవడ మీద ఎర్రటి చుక్క పుట్టిన క్షణం నుంచి ఆమె తన చేతిని పరాయి మనిషిని చూసినట్టు చూస్తోంది. గ్లాసు పట్టుకున్నా, తలుపు గడియ తీసినా, ఇది వణికిందా, వణికినట్టు నాకు అనిపించిందా అని ఆగి చూసుకుంటోంది. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. చెప్పాలంటే గట్టిగా చెప్పాలి, గట్టిగా చెబితే నిజమైపోతుంది.

అందుకే మొన్న భోజనాల దగ్గర తమ్ముడితో అంత మాట అంది. పెళ్ళికి ముందు పార్లరులో కందిరీగల ఆట ఒకటుండేది. చిన్న ఓడ ఒకటి కింద అటూ ఇటూ జరుగుతుంటే, పైనుంచి కందిరీగలు దండుగా దిగుతాయి. వాటి సందుల్లోంచి వెంట్రుక వాసిలో తప్పించుకోవాలి. నాలుగో ఘట్టంలో తుట్టె పగిలి తెరంతా కందిరీగలే అవుతాయి. దాన్ని దాటింది ఆమె ఒక్కతే. పార్లరు యజమాని ఆమె వేళ్ళు చూసే మనసు పారేసుకున్నాడని వీధి చెప్పుకుంటుంది. కత్తి పట్టే చెయ్యీ, ఆ ఆట ఆడే చెయ్యీ ఒకటే. ఆ తుట్టె దాటితే కుర్చీ నాది, దాటకపోతే కత్తి నీ చేతిలో పెడతానంది. తమ్ముడు ఒప్పుకున్నాడు. పాత మిషన్ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి దాన్ని బతికించే పని మరదలు నెత్తిన వేసుకుంది.

“అందరూ ఉన్నారుగా,” అంది కత్తెరక్క. “ఇప్పుడే తేల్చేద్దాం. ఏమ్మా, సిద్ధమేనా?”

మరదలు మౌస్ అటూ ఇటూ జరిపింది. చిన్న దుకాణాలకి ఇంట్లోనే కూర్చుని లెక్కలు రాసిపెడుతుంది ఆమె. ఆ కంప్యూటర్ ఎప్పుడు మూలుగుతుందో, ఎప్పుడు అలుగుతుందో ఆమెకి మొగుడి కన్నా బాగా తెలుసు.

“మొన్న నేనొక్కదాన్నే మొదట పెట్టి చూసింది బరువైన ఎమ్యులేటరండీ వదినా. పాత మిషన్లో ఒక్కో చిప్పు చేసే పనీ పొల్లు పోకుండా చేస్తుంది. పేరున్నదే. కానీ గట్టి కంప్యూటర్ ఉండాలి. మనది తుట్టె దగ్గరికి రాగానే ఈడ్వడం మొదలుపెట్టింది, అందుకని తీసేశాను. రెండోది మన ఆట ఫైలుని గుర్తే పట్టక, కంప్యూటర్‌ని బిగుసుకుపోయేలా చేసింది. ఆ రెండోదాంతోనే ఇందాక ఊపిరాడట్లేదన్నాను. ఇప్పుడున్నది తేలికది. చిప్పులన్నిటి జోలికీ పోదు, పైపైన అనుకరిస్తుంది. అయితేనేం, నూనె రాసినట్టు జారుతుంది.”

“అదే బావుంది,” అన్నాడు తమ్ముడు. “ఎక్కడా ఆగకుండా నడిచేదాని మీదే పరీక్ష. తర్వాత మిషన్ మీద వంక పెట్టకుండా.”

“వంకలు పెట్టే అలవాటు మన ఇంట్లో ఒక్కడికే ఉంది,” అంది కత్తెరక్క. జాయ్‌స్టిక్ దగ్గరికి లాక్కుంది.

మొదటి మూడు ఘట్టాలూ ఆమె చెయ్యి పాత చుట్టాన్ని పలకరించినట్టు సాగిపోయింది. చిన్నాన్న ఊపిరి బిగబట్టాడు. దవడ మీద చెయ్యి ఎప్పుడు తీశాడో ఆయనకే తెలీదు.

నాలుగోది వచ్చింది. తుట్టె పగిలింది.

ఆమె వేళ్ళు ఎదురుచూశాయి. ఎక్కడో ఒక పట్టు దొరకాలి, ఆ పట్టులో పక్కకి జరగాలి. పట్టు దొరకలేదు. కందిరీగలు వడగళ్ళలా మీద పడ్డాయి. బుడుంగు. మళ్ళీ మొదలుపెట్టింది. బుడుంగు. మూడో ఓడ తుట్టె అంచు దాకా కూడా పోలేదు.

తెర మీద ఆట అయిపోయిందని అక్షరాలు మెరుస్తూ ఆరుతూ ఉన్నాయి.

తమ్ముడు అరిస్తే బావుండేది. అతను మెల్లగా దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. “ఈ మాట నేననలేదక్కా,” అన్నాడు చిన్నగా. “చెయ్యే అంది.”

జాలి, చల్లటి సబ్బు నురగలా మెడ మీద పాకింది. దాన్ని తుడిచేసుకోవాలన్నంత కోపం వచ్చింది ఆమెకి.

“చెయ్యి తియ్యి.”

“అక్కా...”

“చెయ్యి తియ్యమన్నాను. ఇది నా ఆట కాదు.”

“అదే ఆట వదినా,” అంది మరదలు ఇబ్బందిగా. “మెట్ల కింద అన్నయ్యగారు దాచిన పాత మిషన్ బోర్డులోంచి తీసిన ఫైలే.”

“ఆట అదే అయ్యుండొచ్చు. నడక అది కాదు. మా సెలూనుకొచ్చే మనుషుల్ని నేను కళ్ళు మూసుకుని తల నిమిరి పోల్చుకుంటాను. ఇది వేరే తల.”

“ఓడిపోయినవాళ్ళందరూ అనేదే అది,” అన్నాడు తమ్ముడు. జాలి పోయి మళ్ళీ తనిఖీ గొంతు వచ్చింది. “నువ్వే పెట్టావు పందెం. పలుచోట్ల వెతికి, బాగా నడిచేది చూసి నీకోసం పెట్టింది నా పెళ్ళాం. ఇప్పుడు మిషన్ బాగా నడుస్తోందన్నదే నీ ఫిర్యాదా?”

“అవును. అదే నా ఫిర్యాదు. రాసుకో. ఇంకో ఎర్ర అట్ట ఉంటే ఈ కంప్యూటర్‌కి కట్టు.”

అతని దగ్గర ఇంకోటి లేదు. ఆమె బల్ల మీదున్న అట్ట తీసి తెర పైఅంచుకి తగిలించింది. ‘వాడరాదు.’

“మొండితనానికి కూడా హద్దుండాలి,” అన్నాడు తమ్ముడు.

“హద్దు నువ్వు గీశావుగా. దాని అవతలే కూర్చున్నాను.”

ఇంతసేపూ పార్లరాయన మాట్లాడలేదు. మాటలు సగమే అందే మనిషి కనక ఆయన గొడవల్లో ఎప్పుడూ వేరే పని చూసుకుంటాడు. ఇప్పుడు బల్ల మీద స్పీకరు నెత్తిన అరచెయ్యి వేసి నిలబడ్డాడు. చెవులకి అందనిది చేత్తో వినడం ఆయన అలవాటు. కుక్కరు కూత కూడా అలాగే వింటాడు, అందుకే చెయ్యి కాల్చుకున్న గుర్తులున్నాయి.

“చెల్లెమ్మా, నాలుగో ఘట్టం మళ్ళీ ఓసారి తెప్పించు,” అన్నాడు.

మరదలు తెప్పించింది. తుట్టె పగిలింది. ఎవరూ ఆడలేదు, ఓడ ఊరికే మునిగింది. పార్లరాయన కళ్ళు మూసుకున్నాడు.

“నీళ్ళలో నడక ఏదీ?” అన్నాడు.

కత్తెరక్క చటుక్కున మొగుడి వంక తిరిగింది.

“అదేంటి అన్నయ్యగారూ?”

“పార్లరులో అలా అనేవాళ్ళం. తెర మీద కందిరీగలు నిండిపోతే మిషన్‌కి బరువయ్యేది. మోకాలి లోతు నీళ్ళలో నడిచినట్టు అన్నీ మెల్లగా కదిలేవి. పాట కూడా సాగిపోయేది, ఇదిగో ఇలా, చేతికి తెలిసేది. ఆ నడకలోనే ఈవిడ సందు చూసుకుని దూరిపోయేది. దీంట్లో నీళ్ళేవి? పాట పరుగెడుతూనే ఉంది.”

మరదలి మొహంలో రంగు దిగింది.

“మొదట పెట్టినది...” అని ఆగింది. “బరువుది. అది తుట్టె దగ్గరే మెల్లగా అయింది వదినా. సరిగ్గా అక్కడే. కంప్యూటర్‌కి చేతకాక ఈడుస్తోందనుకున్నాను. దాన్ని పనికిరాదని తీసేసి, పనికిరానిది మీ చేతికిచ్చాను.”

“చాలా బావుంది,” అన్నాడు తమ్ముడు. “అంటే ఇప్పుడు మెల్లగా నడిచే కంప్యూటర్ మీద ఆడితే అక్క గెలుస్తుంది. నత్తలతో పరుగుపందెం పెడితే నేనూ గెలుస్తాను. ఆ నెమ్మది ఆటదో, ఈ డొక్కు కంప్యూటర్‌దో నువ్వెలా చెప్తావు?”

అడగాల్సిన ప్రశ్నే. కత్తెరక్కకి కూడా అది గుచ్చుకుంది. జాలిపడి కంప్యూటర్ వంగితే, ఆ గెలుపు పట్టుకుని రేపు ఎవరి గొంతు దగ్గర కత్తి పెట్టగలదు?

“వాడు అడిగింది కరెక్ట్,” అంది. “దానికి జవాబు దొరక్కపోతే నేనే ఆడను.”

తమ్ముడు ఆశ్చర్యంగా చూశాడు. అక్క తన పక్షం వహించడం అతనికి అలవాటు లేదు.

“జవాబుంది,” అంది మరదలు. చేతులు అప్పుడే కీబోర్డు మీదికి పోయాయి. “ఒక మీట నొక్కితే తెర మూల ఒక అంకె కనిపిస్తుందండీ. అసలు మిషన్ వేగాన్ని మన కంప్యూటర్ అందుకుంటోందా లేదా చెప్పే అంకె. నూరు శాతం ఉంటే అందుకున్నట్టు. అది పడిపోతే కంప్యూటర్ చేతులెత్తేసినట్టు. అంకె నూరు మీద ఉండగా ఆట మెల్లగా అయితే, ఆ నెమ్మది ఆటదే. మొన్న నేను అంకె పెట్టి చూడలేదు. కళ్ళతో చూసి తీర్పిచ్చేశాను.”

“మీటరా?” అన్నాడు తమ్ముడు. మొహంలో మొదటిసారి ఆసక్తి కనిపించింది. మీటరున్న దేన్నీ అతను కాదనలేడు.

మరదలు బరువుది మళ్ళీ పెట్టింది. ఆట పేరు తెర మీద పడింది. మూలనున్న అంకె ఎనభై దగ్గర కొట్టుకులాడింది.

“చూశావా,” అన్నాడు తమ్ముడు. “డొక్కే.”

“ఆగండి. నా తప్పులు నన్ను దిద్దుకోనివ్వండి.” మరదలు వెనక తెరిచి ఉన్న లెక్కల ఫైళ్ళు మూసింది. ఇంటర్నెట్‌లో తెరిచి మర్చిపోయిన కిటికీలన్నీ మూసింది. “పాత టీవీలా అందంగా కనపడుతుందని తెర మీద గీతల ముసుగొకటి వేశాను. సోకుకి పోయాను, కంప్యూటర్‌కి అదొక మోత.” ముసుగు తీసేసింది. అంకె కాస్త లేచింది గాని నూరు అందుకోలేదు.

“ఇంకో దారుంది. నేను పెట్టింది దీని కొత్త ఎడిషన్. కొత్త కంప్యూటర్ల బలం చూసుకుని చేసింది. దీని పాత ఎడిషన్ ఇంకా దొరుకుతుంది. మన కంప్యూటర్ ఈడుది.”

“ఈడూజోడూ చూడకుండా ముడిపెట్టావన్నమాట,” అన్నాడు చిన్నాన్న. ఆయనకిప్పుడు సంగతి పెళ్ళిసంబంధం లెక్కన అర్థమవుతోంది.

పాత ఎడిషన్ తెరుచుకుంది. అంకె నూరుకెక్కి అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

తమ్ముడు కుర్చీ లాక్కుని తెర మూలకి మొహం ఆనించాడు. “నేను అంకె తప్ప ఇంకేం చూడను,” అన్నాడు. “నూరు నుంచి తగ్గిన క్షణం ఆపేస్తాను. ఒప్పుకుంటావా?”

“ఒప్పుకోకపోతే తమ్ముడివెలా అవుతావు? కూర్చో.”

మొదటి ఘట్టం. “నూరు,” అన్నాడు తమ్ముడు. రెండోది. “నూరు.” మూడోదాంట్లో ఒక ఓడ పోయింది. అది ఆమె తొందర. ఆమె చెయ్యి ఒకసారి విదిలించి మళ్ళీ పట్టుకుంది.

తుట్టె పగిలింది.

తెర నిండింది. నిండగానే, ఎవరో గదంతా నీళ్ళు నింపినట్టు, కందిరీగలు బరువెక్కాయి. ఓడ బరువెక్కింది. పాట సాగింది.

“నీళ్ళొచ్చాయి,” అన్నాడు పార్లరాయన, స్పీకరు మీద అరచేత్తో. “ఇదీ.”

“నూరు,” అన్నాడు తమ్ముడు. “ఇంకా నూరే. నూరు.”

కత్తెరక్క వాళ్ళ మాటలు వినలేదు. ఆ నీళ్ళలో ఆమెకి ప్రతి అడుగూ తెలుసు. ఇక్కడ ఆగాలి. ఇక్కడ ఒరగాలి. రెండు కందిరీగల రెక్కల మధ్య గడ్డం మీద నురగంత సందు. కత్తి అంచుని చర్మం మీద పారించినట్టు ఓడని ఆ సందులోకి పారించింది. మణికట్టులో చిన్న నొప్పి ఉంది. నొప్పి ఉంది, వణుకు లేదు. రెండూ వేరని ఆమెకి ఆ క్షణంలోనే తెలిసింది.

తెర ఖాళీ అయింది. అవతల నల్లటి ఆకాశం, నాలుగు చుక్కలు.

చిన్నాన్న సంచీలోంచి ఒక ఆపిల్ దొర్లి బల్ల కిందికి పోయింది. ఎవరూ వంగలేదు.

“నాకెవరైనా తెలిసేలా చెప్పండి,” అన్నాడు చిన్నాన్న చివరికి. “ఇందాకటి మిషన్ పరుగెత్తింది, అది మంచిది కాదన్నారు. ఇది మెల్లగా నడిచింది, ఇదే బావుందన్నారు. మెల్లగా అయితే పాడైనట్టు కదరా?”

జవాబు మరదలు చెబుతుందనుకున్నారందరూ. తమ్ముడు చెప్పాడు. చూపు ఇంకా ఆ అంకె మీదే ఉంది.

“కాదు చిన్నాన్నా. లిఫ్టు అంతస్తు దగ్గర పడేముందు మెల్లగా అవుతుంది. తెలియనివాళ్ళు పాడైందని ఫిర్యాదు చేస్తారు. అది పాడవడం కాదు, దాని నడకే అది. మెల్లగా అవ్వకుండా దూసుకుపోయే లిఫ్టునే నేను ఆపేస్తాను. ఆ పాత మిషన్ నడకలోనే ఆ నెమ్మది ఉంది. బరువుది ఆ నడకని ఉన్నదున్నట్టు చూపించింది. అది చూసి మనింటావిడ కంప్యూటర్‌ది తప్పనుకుంది. తేలికది అసలు నడకనే ఎగరగొట్టేసి పరుగెత్తింది. అది చూసి...” అతను ఆగాడు. “అది చూసి నేను అక్క చేతిది తప్పనుకున్నాను. ఇద్దరం వేగాన్నే చూసి, బాగుండడమంటే అదే అనుకున్నాం.”

ఇంట్లో ఆ మాట అందరికీ ఒకేసారి దిగినట్టుంది. మరదలు కళ్ళు తుడుచుకుంది. పార్లరాయనకి వినపడకపోయినా, బావమరిది మొహం చూసి తల ఊపాడు.

కత్తెరక్క లేచి నిలబడింది. “రేపు పొద్దున కొట్టు తెరుస్తున్నాను.”

“కొత్తాయనకి రేపు రమ్మని మాటిచ్చేశానక్కా.”

“రానీ. వరసలో కూర్చోమను. ఆయన గడ్డం కూడా నేనే చేస్తాను.”

“ఆట దాటావు. నేను కాదనను, కుర్చీ నీది. కానీ...” తమ్ముడు మాటలు వెతుక్కున్నాడు. “ఆటలో మూడు ప్రాణాలుంటాయక్కా. కుర్చీలో కూర్చున్నవాడికి ఒకటే. ఇంత జరిగాక నీ కత్తి కిందికి మొదట వచ్చే తల ఎవరిది?”

మరదలు మొగుడి వంక చూసింది. చిన్నాన్న తన ప్లాస్టరు తడుముకున్నాడు. పార్లరాయన ఏళ్ళ తరబడి పెంచుకున్న గడ్డాన్ని గుప్పిట్లో పట్టుకున్నాడు. పందెం గెలిచిన ఇంట్లో అంత నిశ్శబ్దం ఉంటుందని కత్తెరక్క అనుకోలేదు.

ఆమె ఎవరినీ అడగలేదు. అడగదల్చుకోలేదు. తమ్ముడి మొహంలోకి నేరుగా చూసింది. అప్పుడు కనిపించింది ఆమెకి. దవడల మీద, గొంతు కింద, చెవుల దాకా చిక్కగా పెరిగిన మాసిన గడ్డం. ఆమె చెయ్యి విరిగిన దగ్గర్నించీ ఆ మొహాన్ని ఇంకెవరి కత్తీ తాకలేదు.

తమ్ముడు ఆమె చూపు తప్పించుకోలేదు. మెల్లగా చొక్కా పైగుండీ విప్పాడు.